నలుగురికి 72 గంటలు: ఆ హరికేన్ కిట్ ఎన్నాళ్లు వచ్చింది?

‘నలుగురి కుటుంబానికి 72 గంటల హరికేన్ కిట్’ అని అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి అమ్ముతున్న ఎర్ర సంచిని 2024 మే నెల మధ్యలో ఆన్‌లైన్‌లో కొన్నాను. అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1న మొదలై నవంబరు 30 దాకా సాగుతుంది. టెక్సస్ తీరానికి గంటన్నర ప్రయాణం దూరంలో ఉంటున్న మేము ఆ ఏడాదైనా ముందుగా మేలుకున్నామని లోలోపల సంతోషించాను కూడా. నీళ్లు, తిండి, రేడియో, దీపాలు, దుప్పట్లు, ప్రథమ చికిత్స సామగ్రి అన్నీ ఒకే సంచిలో ఇమిడి ఉంటాయని, తలుపు పక్కన కొక్కేనికి తగిలించుకుంటే చాలని అమ్మకందారు రాసిన వివరణ చదివితే ఎవరికైనా ఒక పెద్ద పని తీరిపోయిందనిపిస్తుంది. ఏడు వారాలు గడిచాయో లేదో, జూలై 8న తెల్లవారుజామున బెరిల్ హరికేన్ టెక్సస్ తీరం దాటింది. మా ఇంట్లో ఐదు రోజులు కరెంటు లేదు. ఆ ఐదు రోజుల అనుభవాన్ని, అంతకు ముందు జూన్‌లో ఒక శని, ఆదివారాలు మెయిన్ స్విచ్ ఆపేసి మేము చేసుకున్న రిహార్సల్‌నీ కలిపి ఈ సమీక్ష రాస్తున్నాను.

కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇంచుమించు ఇదే సామాను ఇదే వరుసలో పేర్చి, వేర్వేరు పేర్లతో, వేర్వేరు రంగుల సంచుల్లో చాలామంది అమ్ముతున్నారు. ఒక్క పేరు చెబితే మిగతావి మేలనుకునే ప్రమాదం ఉంది. నాకు వచ్చిన సంచిలో 125 మిల్లీలీటర్ల నీళ్ల ప్యాకెట్లు 24, ఒక్కొక్కటి 2,400 క్యాలరీల తిండి బిళ్లలు నాలుగు, చేత్తో తిప్పి చార్జి చేసుకునే రేడియో ఒకటి, వెండి రంగు రేకు దుప్పట్లు నాలుగు, పల్చటి రెయిన్‌కోట్లు నాలుగు, విరిస్తే వెలిగే రసాయన దీపపు కడ్డీలు నాలుగు, ఒక విజిల్, నూలు చేతి తొడుగులు, దుమ్ము మాస్కులు, చిన్న డక్ట్ టేపు చుట్ట, ‘107 వస్తువుల’ ప్రథమ చికిత్స డబ్బా ఉన్నాయి. సంచి కుట్టు గట్టిగా ఉంది, జిప్పులు నేటికీ సాఫీగా నడుస్తున్నాయి. మెచ్చుకోదగ్గవాటిలో మొదటిది సంచే కనుక ఆ మాట ముందే చెప్పేశాను.

రిహార్సల్ రోజు ఉదయం పది గంటలకు మా అమ్మాయికి దాహం వేసింది. నీళ్ల ప్యాకెట్ మూలన ఉన్న గాటు దగ్గర చించబోతే అది నిలువునా చీలి, సగం నీళ్లు నా చొక్కా మీద పడ్డాయి. మిగిలిన సగాన్ని తను రెండు గుక్కల్లో తాగేసి, ప్యాకెట్‌ను తిప్పి అడుగున చూసి, “నాన్నా, ఇది శాంపిలా?” అని అడిగింది. తొమ్మిదేళ్ల పిల్ల అడిగిన ఆ ప్రశ్నకు మించిన సమీక్ష నేను రాయలేను గానీ, లెక్క మాత్రం చెబుతాను. ప్యాకెట్లు 24, ఒక్కొక్కటి 125 మిల్లీలీటర్లు, అంటే మొత్తం మూడు లీటర్లు. తాగడానికీ, కాస్త కడుక్కోవడానికీ కలిపి మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే సుమారు 3.8 లీటర్ల నీళ్లు నిల్వ పెట్టుకోవాలని అమెరికా ప్రభుత్వ సంస్థలు ఏళ్ల తరబడి చెబుతున్న లెక్క. నలుగురికి మూడు రోజులకు అది పన్నెండు గ్యాలన్లు, దాదాపు 45 లీటర్లు అవుతుంది. కిట్‌లో ఉన్నది అందులో పదిహేనో వంతు. మా నలుగురి ఒక్క రోజు అవసరానికే పదిహేను లీటర్లు కావాలి కనుక, ‘72 గంటలు’ అన్నది నీళ్ల విషయంలో ఐదు గంటల దగ్గర ఆగిపోతుంది. ఎండాకాలంలో, ఏసీ లేని ఇంట్లో అది కూడా ఎక్కువ చెప్పినట్టే.

ఇంత తేడా ఎలా వచ్చిందని ప్యాకెట్ మీది సన్నటి అక్షరాలు చదివితే విషయం అర్థమైంది. ఆ నీళ్ల ప్యాకెట్లకూ, ఆ తిండి బిళ్లలకూ ఉన్నది అమెరికా కోస్ట్‌గార్డ్ ఆమోదం. అంటే ఇవి మునిగిపోతున్న ఓడ నుంచి దిగి, లైఫ్‌బోటులో కూర్చుని, రక్షించేవాళ్లు వచ్చేదాకా ప్రాణం నిలుపుకోవడానికి తయారైన సరుకులు. ఐదేళ్లు చెడవు, చోటు పట్టవు, బరువుండవు. ఆ పనికి అవి నూటికి నూరు పాళ్లూ తగినవే. సముద్రం మధ్యన పడవలో ఉన్న మనిషికి గుక్కెడు మంచినీళ్లు చాలా పెద్ద సంగతి. కానీ హరికేన్ వచ్చేముందు నేను నా ఇంట్లో, నా వంటగదిలో, నిక్షేపంగా నీళ్లు వస్తున్న కుళాయి ముందు నిలబడి ఉంటాను.

కిట్ అసలు లోపం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఈ అనుమానం బలపడింది మాత్రం సంచిలో ఉన్న సూచనల కాగితం చదివినప్పుడు. నేల అదిరినట్టు అనిపిస్తే వెంటనే కిందికి వంగి, గట్టి బల్ల కింద దూరి, దాని కాలు పట్టుకుని కూర్చోవాలని అందులో బొమ్మలతో సహా వివరంగా ఉంది. గాలి గురించి, వాన గురించి, ఉప్పెన గురించి ఒక్క ముక్క లేదు. పెట్టె మీద ‘హరికేన్’ అన్న మాట విడిగా అతికించిన స్టిక్కరు అని అప్పుడే గమనించి, గోటితో మెల్లగా గీకి చూశాను. కింద ‘భూకంపం’ అని అచ్చయి ఉంది.

ఈ రెండు విపత్తులకూ ఇంటిని సిద్ధం చేసే పద్ధతి ఒకటి కాదు. భూకంపం చెప్పి రాదు. కాబట్టి ఎప్పుడో సర్ది పెట్టుకున్న సంచి చేతికి అందడమే అక్కడ ముఖ్యం. హరికేన్ చెప్పి మరీ వస్తుంది. మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్, తుపాను స్థాయి గాలులు మొదలవుతాయని అంచనా వేసిన సమయానికి 48 గంటల ముందు ‘హరికేన్ వాచ్’ను (రావచ్చన్న ముందస్తు హెచ్చరికను), 36 గంటల ముందు ‘హరికేన్ వార్నింగ్’ను (రాబోతోందన్న గట్టి హెచ్చరికను) ప్రకటిస్తుంది. ఆ లోపల కుళాయిలో నీళ్లుంటాయి, కరెంటు ఉంటుంది, కారు నడుస్తుంది, దుకాణాలు తెరిచి ఉంటాయి. ఆ తరువాత వచ్చే కష్టం మాత్రం మూడు రోజులతో పోతుందన్న హామీ లేదు. 2017 సెప్టెంబరులో మరియా హరికేన్ దెబ్బతిన్న ప్యూర్టోరికోలో అందరికీ కరెంటు తిరిగి రావడానికి దాదాపు పదకొండు నెలలు పట్టింది. ముందు చేతినిండా సమయం, తరువాత సుదీర్ఘమైన అవస్థ: హరికేన్ తీరు ఇది. ఈ కిట్ దానికి సరిగ్గా తలకిందులుగా ఆలోచించి తయారైంది. సమయం లేనివాడికి పనికొచ్చేలా ఉంది, అవస్థ కొద్ది సేపే ఉంటుందని నమ్ముతోంది.

నీళ్ల సంగతి పూర్తి చేస్తాను. బెరిల్ మా వైపు మళ్లుతోందని తెలిసిన శనివారం నాడు ఇంట్లో ఉన్న మూతలున్న క్యాన్లు, పెద్ద గిన్నెలు, సీసాలు అన్నీ కడిగి కుళాయి నీళ్లతో నింపాం. అరగంట పట్టింది, ఖర్చేమీ కాలేదు, 60 లీటర్ల పైన పోగయ్యాయి. స్నానాల తొట్టి నింపుకున్నది తాగడానికి కాదు, టాయిలెట్‌లో పోయడానికి. చాలా ఇళ్లలో వేడినీటి ట్యాంకులోనే 40, 50 గ్యాలన్ల నీళ్లు నిలిచి ఉంటాయన్న సంగతి మనకు తోచదు; దానికి వెళ్లే కరెంటు గానీ గ్యాస్ గానీ ముందు కట్టేసి, చల్లారాక అడుగు కుళాయి నుంచి పట్టుకోవచ్చు. నీటి మీద అనుమానం ఉంటే ఒక నిమిషం పాటు తెర్లే దాకా కాచాలి. కాచే వీలు లేకపోతే వాసన కలపని మామూలు బ్లీచ్ వేయాలి: 6 శాతం గాఢత ఉంటే గ్యాలన్‌కు ఎనిమిది చుక్కలు, 8.25 శాతం ఉంటే ఆరు చుక్కలు వేసి కలిపి అరగంట ఉంచాలి, నీళ్లు మసకగా ఉంటే చుక్కలు రెట్టింపు చేయాలి. కిట్‌లో భూకంపపు బొమ్మలు అచ్చేసిన ఆ కాగితం వెనకవైపు ఖాళీగానే ఉంది. ఈ నాలుగు ముక్కలూ అక్కడ రాసినా, చుక్కలు వేసే చిన్న గొట్టం ఒకటి సంచిలో పడేసినా, మూడు లీటర్ల ప్యాకెట్ల కన్నా ఎక్కువ మేలు జరిగేది.

తిండి బిళ్లల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. నలుగురికి మూడు రోజులకు పంచితే మనిషికి రోజుకు 800 క్యాలరీలు వస్తాయి. నిమ్మకాయ వాసనతో, పొడిపొడిగా, నోట్లో పెట్టుకుంటే పిండిలా విడిపోతుంది. దాహం పెంచదని ప్యాకెట్ మీద రాసిన మాట నిజమే. మా అమ్మ ఒక ముక్క కొరికి, మిగతాది మర్యాదగా పక్కన పెట్టింది. అసలు హరికేన్ ఇంట్లో మొదటి రెండు రోజులూ తిండికి లోటుండదు. ఫ్రిజ్‌లో ఉన్నది చెడిపోకుండా చూసుకోవడమే సమస్య. తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్‌లో చల్లదనం సుమారు నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్‌లో 48 గంటలు, సగం నిండిన ఫ్రీజర్‌లో 24 గంటలు నిలుస్తుంది. అందుకే ఫ్రీజర్‌లో ఖాళీ ఉన్న చోటల్లా ముందురోజే నీళ్ల సీసాలు దూర్చి గడ్డకట్టించాం. చిన్న గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన ఒక నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచడం ఇక్కడివాళ్ల పాత చిట్కా. మంచు కరిగితే నాణెం కిందికి దిగుతుంది. తరువాత కరెంటు వచ్చి మళ్లీ గడ్డకట్టినా, నాణెం అడుగున దొరికితే మధ్యలో ఏం జరిగిందో తెలిసిపోతుంది. మూడో రోజు సాయంత్రం చూస్తే మా నాణెం గ్లాసు అడుగున ఉంది. ఫ్రీజర్ మొత్తం ఖాళీ చేశాం.

ఇక రేడియో. ఈ కిట్ కొనడానికి నన్ను ఒప్పించింది నిజానికి అదే. సంచిలో నేను ఎక్కువగా వాడినదీ, ఎక్కువగా విసుక్కున్నదీ కూడా అదే. ముందు మంచి చెబుతాను. అమెరికాలో వాతావరణ హెచ్చరికలను రోజంతా ప్రసారం చేసే నోవా వెదర్ రేడియో 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య ఏడు ఫ్రీక్వెన్సీల మీద వస్తుంది. మామూలు ఎఫ్ఎం రేడియోలో అది దొరకదు. ఈ రేడియో ఆ ఏడింటినీ పడుతుంది. బెరిల్ దాటిన రోజు మా ఫోన్లకు సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే, ఏ రోడ్డు మీద నీళ్లు నిలిచాయో, ఎక్కడ ఏ హెచ్చరిక ఇంకా అమల్లో ఉందో తెలిపింది ఈ చిన్న డబ్బానే. నేషనల్ హరికేన్ సెంటర్ పూర్తి ప్రకటనలు ఆరు గంటలకోసారి, తీరానికి వాచ్‌లూ వార్నింగ్‌లూ ఉన్నప్పుడు మధ్యలో మరొకటి చొప్పున మూడు గంటలకోసారి వస్తాయి కనుక, రేడియోను ఆ వేళలకే పెట్టుకుని మిగతా సమయం ఆపేయడం మాకు అలవాటైంది.

చెడు ఏమిటంటే, హెచ్చరిక వచ్చినప్పుడు దానంతటదే మోగే ఏర్పాటు ఇందులో లేదు. మంచి వెదర్ రేడియోల్లో మీ కౌంటీకి (మన జిల్లా లాంటిది) కేటాయించిన ఆరంకెల కోడ్ నమోదు చేసుకుంటే, అది రాత్రంతా నిశ్శబ్దంగా ఉండి, మీ కౌంటీకి హెచ్చరిక వెలువడగానే గట్టిగా కూస్తుంది. హరికేన్ వెంట టోర్నడోలు రావడం మామూలు. అవి రాత్రివేళ వస్తే నిద్రలో ఉన్నవాడిని లేపగలిగేది ఆ కూతే. మా రేడియో అయితే మాట్లాడుతూనైనా ఉండాలి, లేదా మూగగానైనా ఉండాలి. బెరిల్ రాత్రి దాన్ని సన్నగా పెట్టి పడుకుంటే మరమనిషి గొంతుతో సాగే ఆ ప్రసారానికి ఎవరికీ నిద్ర పట్టలేదు. ఆపేస్తే భయంతో పట్టలేదు.

‘ఫోను కూడా చార్జి చేయవచ్చు’ అన్న మాటను కొంచెం విప్పి చూడాలి. నేటి ఫోను బ్యాటరీ నిండడానికి 15 నుంచి 19 వాట్-గంటల శక్తి కావాలి. ఆ బుల్లి హ్యాండిల్ తిప్పే చేతి నుంచి నిలకడగా మూడు వాట్లు వచ్చాయనుకున్నా, ఒక ఫోను నిండడానికి ఆపకుండా ఐదారు గంటలు తిప్పాలి. నేను ఇరవై నిమిషాలు తిప్పాను. ఫోను రెండు శాతం పెరిగింది, హ్యాండిల్ ఇరుసు దగ్గర ప్లాస్టిక్ కిర్రుమనడం మొదలైంది. రేడియో నెత్తిన అతికించిన సూర్యరశ్మి పలక అగ్గిపెట్టెకు రెండింతలుంటుంది. లోపలి 2,000 మిల్లీయాంప్ బ్యాటరీని దానితో నింపాలంటే రెండు మూడు రోజుల మంచి ఎండ కావాలి. రేడియో వినడానికి మాత్రం చేతి తిప్పుడు చాలు. నాలుగు నిమిషాలు తిప్పితే ఒక ప్రకటన మొత్తం వినగలిగాం, అంతకు మించి ఆశించకూడదు. ఫోన్ల కోసం 20,000 మిల్లీయాంప్ పవర్ బ్యాంకులు రెండు ముందే నింపి పెట్టుకోవడం, అవి అయిపోతే కారులో చార్జి చేసుకోవడం మేము చేసిన పని. కారును మూసిన గ్యారేజీలో ఉంచి ఇంజను వేయకూడదన్నది వేరే చెప్పనక్కర్లేదు గానీ, ప్రతి హరికేన్ తరువాతా కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోతూనే ఉన్నాయి కనుక చెబుతున్నాను. జనరేటర్ ఉన్నవాళ్లు దాన్ని ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం కిటికీలకు ఎదురుగా లేకుండా నడపాలి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం అరచేతిలో పట్టేంత వస్తువు. సంచిలో దానికి చోటు దొరకలేదు, నాలుగు దుమ్ము మాస్కులకు దొరికింది.

రేకు దుప్పట్లకు కూడా దొరికింది. అంతరిక్ష పరిశోధన కోసం 1960లలో నాసా అభివృద్ధి చేసిన ఈ పల్చటి రేకు, ఒంటి వేడి బయటికి పోకుండా కాపాడుతుంది. జూలై నెలలో, తీరపు ఉక్కలో, ఫ్యాను కూడా తిరగని గదిలో ఒంటి వేడిని కాపాడుకోవలసిన అవసరం మా నలుగురిలో ఎవరికీ కలగలేదు. రెండో రోజు మధ్యాహ్నం హాల్లో ఉష్ణోగ్రత 33 డిగ్రీలు దాటినప్పుడు నా భార్య వాటిని విప్పి, మెరిసే వైపు బయటికి ఉండేలా పడమటి కిటికీలకు అడ్డంగా డక్ట్ టేపుతో అతికించింది. గది చల్లబడలేదు గానీ ఎండ నేరుగా పడడం ఆగింది. టేపు చుట్ట మూడో కిటికీతో అయిపోయింది. (ఈ టేపును గాలికి గాజు పగలకుండా అద్దం మీద అడ్డంగా అతికించేవాళ్లు ఇంకా ఉన్నారు. దానివల్ల గాజు బలపడదు; పగిలినప్పుడు పెద్ద పెద్ద పెంకులుగా పడుతుంది, అంతే. కిటికీలకు కావలసింది షట్టర్లు, లేదా ముందుగానే కొలిచి కోసి పెట్టుకున్న ప్లైవుడ్.)

ఆ వేడిలో అసలు చింత అమ్మ ఇన్సులిన్ గురించి. చాలా రకాల ఇన్సులిన్‌ను వాడకం మొదలుపెట్టాక 30 డిగ్రీల సెల్సియస్ లోపు నాలుగు వారాల దాకా బయట ఉంచుకోవచ్చు. మా ఇల్లు ఆ హద్దు దాటిపోయింది. ఐస్ పెట్టెలో నేరుగా మంచుకు ఆనించి పెడితే అది గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది కనుక, తువ్వాలులో చుట్టి, మంచుకూ దానికీ మధ్య మరో గుడ్డ అడ్డం పెట్టి, పూటకోసారి తీసి చూసుకుంటూ గడిపాం. ఏ మందులు వాడుతున్నారు, ఎన్ని రోజులకు ఉన్నాయి, చల్లగా ఉంచవలసినవి ఏవి అన్న ప్రశ్నలు వేసి, రాసుకోవడానికి ఒక చీటీ ఇచ్చినా కిట్‌కు కొంత విలువ వచ్చేది. 107 వస్తువుల ప్రథమ చికిత్స డబ్బా విప్పి లెక్కపెట్టాను. అందులో 60 చిన్న బ్యాండ్‌ఎయిడ్‌లు, 30 స్పిరిటు అద్దిన కాగితాలు. గాయానికి గట్టిగా ఒత్తి కట్టడానికి పనికొచ్చే పెద్ద గాజుగుడ్డ ఒక్కటే ఉంది. పడిపోయిన కొమ్మలు తీస్తుండగా నూలు తొడుగు చిరిగి నా అరచేయి గీరుకున్నప్పుడు ఆ ఒక్కటీ అయిపోయింది.

విజిల్ మాత్రం చాలా మంచిది. పక్కింటి పెద్దాయనకూ మాకూ మధ్య కంచె కూలిపోయి, ఫోన్లు పనిచేయని రెండు రోజులు, ఏదైనా అవసరమైతే మూడుసార్లు ఊదమని ఆయనకు ఇచ్చాం. ఒక్కసారే ఊదారు, అదీ మంచినీళ్ల కోసం.

ఈ కిట్ మోసే మరో అబద్ధం ‘ఇంట్లో ఉండిపోవచ్చు’ అన్న సూచన. హరికేన్ తీవ్రతను చెప్పే కేటగిరీలు గాలి వేగాన్ని బట్టి మాత్రమే ఇచ్చినవి. మొదటి కేటగిరీ గంటకు 119 కిలోమీటర్ల దగ్గర మొదలవుతుంది, ఐదోది 252 దగ్గర. ఉప్పెన ఎంత, వాన ఎంత అన్నది ఆ అంకెలో లేదు. అట్లాంటిక్‌లో నమోదైన కేటగిరీ 5 హరికేన్లన్నిటిలోనూ సంవత్సరంలో అన్నిటికన్నా ముందుగా ఆ స్థాయికి చేరిన బెరిల్, టెక్సస్ చేరేసరికి కేటగిరీ 1కి తగ్గింది. అయినా ఇరవై లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది. 2017లో హార్వీ హరికేన్ టెక్సస్‌లోని నెడర్లాండ్‌లో 60 అంగుళాలకు పైన వాన కురిపించింది. 1963 నుంచి 2012 వరకు అమెరికాలో హరికేన్ల, తుపానుల దెబ్బకు నేరుగా పోయిన ప్రాణాల్లో దాదాపు తొంభై శాతం నీళ్ల వల్ల పోయినవే, మొత్తంలో దాదాపు సగం ఉప్పెన వల్ల. అందుకే ఇక్కడ ‘నీళ్ల నుంచి పారిపో, గాలి నుంచి దాక్కో’ అంటారు. మీ ఇల్లు ఏ తరలింపు జోనులో ఉందో తెలుసుకోవడం, ఖాళీ చేయమంటే చేసేయడం అన్నవి ఏ సంచీ మన తరఫున చేయలేని పనులు. వరద బీమా కూడా అటువంటిదే. జాతీయ వరద బీమా పథకంలో పాలసీ తీసుకున్నాక సాధారణంగా 30 రోజులకు గానీ అమల్లోకి రాదు. టీవీలో హరికేన్ బొమ్మ కనిపించాక తీసుకుంటే దానికి పనికిరాదు. మేలో నేను ఈ సంచి కొన్న రోజున చేయవలసిన పని అది. నేను సంచి కొన్నాను.

ఇంత చెప్పాక, ఇది ఎవరికీ పనికిరాదని అనను. కారు డిక్కీలో ఎప్పుడూ ఒక సంచి ఉండాలనుకునేవాళ్లకు, తరలింపు దారిలో ట్రాఫిక్‌లో గంటల తరబడి ఇరుక్కునే అవకాశం ఉన్నవాళ్లకు, ఆ ప్యాకెట్లూ బిళ్లలూ అక్కరకొస్తాయి. భూకంపాల ప్రాంతంలో ఉన్నవాళ్లు అసలు పెట్టె మీద రాసిన పేరుతోనే కొనుక్కోవచ్చు. ఇంటిని హరికేన్‌కు సిద్ధం చేసుకోవాలనుకునేవాళ్లు మాత్రం ఈ డబ్బుతో నీళ్ల క్యాన్లు, కౌంటీ కోడ్ పెట్టుకోగల రేడియో, నెత్తికి తగిలించుకునే ఎల్ఈడీ దీపాలు, పవర్ బ్యాంకు, కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనుక్కుంటే మేలు. రసాయన దీపపు కడ్డీలు ఒక్కొక్కటి ఒక్క రాత్రి వెలిగి ఆరిపోయాయి. నాలుగు రాత్రులకు నాలుగూ సరిపోయాయి, ఐదో రాత్రికి ఒక్కటీ మిగల్లేదు. ఐదు నక్షత్రాలకు నేను ఇస్తున్నవి రెండు: ఒకటి సంచికి, ఒకటి విజిల్‌కూ రేడియోకూ కలిపి.

సంచి ఇప్పటికీ మా తలుపు పక్కనే ఉంది. అందులో ఇంటి పత్రాలు, బీమా కాగితాలు, పాస్‌పోర్టుల నకళ్లు నీరు చొరని కవర్లో ఉన్నాయి. ప్రతి గదినీ తీసిన ఫోటోలు ఒక పెన్‌డ్రైవ్‌లో, కార్డులు పనిచేయని రోజుల కోసం చిన్న నోట్లు కొన్ని, అమ్మ మందుల జాబితా, రెండు వారాల మందులు ఉన్నాయి. ఆ మందులు పాతబడకుండా నెలకోసారి మారుస్తుంటాం. నీళ్ల క్యాన్లు గ్యారేజీలో వరసగా ఉన్నాయి.

అమ్మకందారుకు ఈ లెక్కలన్నీ రాసి, ‘నలుగురికి 72 గంటలు’ అన్న మాట తీసేయమని, కనీసం సూచనల కాగితమైనా మార్చమని కోరాను. పది రోజులకు జవాబు వచ్చింది. మా అసౌకర్యానికి చింతిస్తున్నామని, మాలాంటి కుటుంబాలు రెండు కిట్లు కొనుక్కుంటే బాగుంటుందని, రెండోదాని మీద తగ్గింపు ఇస్తామని రాశారు. నీళ్ల లెక్కన మాకు కావలసినవి పదిహేను కిట్లు.